చివరి మడికి నీరందుతోందా? – బెంగళూరులోని నెట్‌వర్క్ ఇంజినీర్లకు బహిరంగ లేఖ

కె.ఆర్.పురం, బెంగళూరు

మొబైల్ నెట్‌వర్కుల్లో వీడియో రద్దీని అదుపు చేసే మెషీన్ లెర్నింగ్ వ్యవస్థలను తయారు చేస్తున్న ఇంజినీరు మిత్రులకు నమస్కారం.

మీలో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. మారతహళ్లి, మహదేవపుర, వైట్‌ఫీల్డ్ వైపు ఆఫీసుల్లో మధ్యాహ్నం భోజనాల వేళ కడప మాట, గుంటూరు మాట, వరంగల్ మాట ఒకే బల్ల చుట్టూ వినిపిస్తాయి. పదకొండేళ్లుగా నేనూ ఆ బల్లల దగ్గరే కూర్చుంటున్నాను. నెట్‌వర్క్ పరికరాలను పరీక్షించడం నా ఉద్యోగం. రద్దీ వేళ సైగల భాషలో మాట్లాడేవారి వీడియో కాల్ మధ్యలో ఆగిపోతోందన్న విషయాన్ని నియంత్రణ సంస్థకు రాస్తే ఒక ఫైలు తెరుచుకుంటుంది. మీకు రాస్తే కోడ్‌లో నాలుగు వరుసలు మారవచ్చు. ఆ ఆశతోనే రాస్తున్నాను.

మా తమ్ముడికి పుట్టుకతోనే వినికిడి లేదు. మదనపల్లె దగ్గర మా ఊళ్లో అమ్మతో ఉంటూ కుట్టుపని చేస్తాడు. రోజూ రాత్రి తొమ్మిది దాటాక మేమిద్దరం వీడియో కాల్‌లో సైగల భాషలో మాట్లాడుకుంటాం. చిన్నప్పుడు ఇంట్లో మేమే కల్పించుకున్న సైగలు కొన్ని, ఆ తర్వాత వాడు బడిలో నేర్చుకుని నాకు నేర్పిన భారతీయ సైగల భాష, రెండూ కలిసిన భాష మాది. అమ్మ ఆరోగ్యం, కరెంటు బిల్లు, పండగకు ఎవరి జాకెట్టు ఎప్పటికి ఇవ్వాలి, అన్నీ ఆ అరగంటలోనే.

భారతీయ సైగల భాష తెలియనివారికి ఒక సంగతి చెప్పాలి. అందులో కాదనడం వాక్యం చివర వస్తుంది. ఏమిటి, ఎక్కడ, ఎందుకు అనే ప్రశ్నలు కూడా చివరే. తెలుగువాళ్లకు ఇది వింత కాదు. ‘వేసుకుంది’కీ ‘వేసుకోలేదు’కీ ఉన్న తేడా మనకూ మాట చివరే తెలుస్తుంది. ఆ చివర పోతే వాక్యం తలకిందులవుతుంది.

గత చలికాలంలో ఒక రాత్రి అమ్మ రక్తపోటు మాత్రల గురించి అడిగాను. ‘అమ్మ, మాత్ర, వేసుకోవడం’ అని వాడి చేతులు కదిలాయి. అక్కడ బొమ్మ ఆగిపోయింది. మూడు సెకన్లు. మళ్లీ కదిలేసరికి వాడు మిషను మోటారు గురించి చెబుతున్నాడు. అమ్మ మాత్ర వేసుకుందనే నేను అనుకున్నాను. మాత్రలు అయిపోయాయని, వేసుకోవడం లేదని వాడు చెప్పాడట. ఆ ‘లేదు’ నాకు చేరలేదు. నాలుగో రోజు అమ్మ కళ్లు తిరిగి పెరట్లో పడిపోయింది. ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ రాత్రి గురించి ఒక విషయం నేను మరిచిపోలేకపోతున్నాను. బొమ్మ ఆగిపోయిన ఆ మూడు సెకన్లూ ఊళ్లో మా వంటింట్లో కుక్కర్ కూత నాకు స్పష్టంగా వినిపించింది.

అంటే లైను తెగలేదు. దారి ఇరుకైనప్పుడు శబ్దాన్ని కాపాడి, బొమ్మను వదిలేసింది. మన వ్యవస్థలు అలా చేయడానికే తయారయ్యాయి. కాల్ యాప్ చేసేది అదే. ‘నెట్‌వర్క్ బలహీనంగా ఉంది, వీడియో ఆపేస్తే మాట మెరుగవుతుంది’ అని తెర మీద సలహా కూడా ఇస్తుంది. నూటికి తొంభై తొమ్మిది మందికి అది సరైన సలహా. మా తమ్ముడికి మాత్రం వీడియోయే మాట.

ఇది యాప్ తయారు చేసేవారి సంగతి కదా, నెట్‌వర్క్ వాళ్లకు ఎందుకు రాస్తున్నావని మీరు అడగవచ్చు. ఆ దారి ఎందుకు ఇరుకైందన్న ప్రశ్నతో మీ పని మొదలవుతుంది కాబట్టి.

మీకు తెలిసిందే అయినా, ఈ లేఖ చదివే మిగతావారి కోసం కొంచెం వివరిస్తాను. మనం ఫోనులో చూసే సినిమా ఒకే ధారగా రాదు. 2009లో ఆపిల్ తెచ్చిన పద్ధతి, 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన డాష్, రెండింటిలోనూ సినిమాను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను 240, 360, 480, 720, 1080 ఇలా పలు స్పష్టత స్థాయుల్లో సర్వర్‌లో ఉంచుతారు. దారి వెడల్పును బట్టి ఏ స్థాయి ముక్క తెచ్చుకోవాలో ఫోనులోని ప్లేయరే ఎంచుకుంటుంది. ముందుగా తెచ్చుకున్న ముక్కలు బఫర్‌లో నిల్వ ఉంటాయి. అందుకే నెట్‌వర్క్ కాసేపు తడబడినా సినిమా ఆగదు. ప్రత్యక్ష ప్రసారానికి కూడా ఈ వెసులుబాటు కొంత ఉంటుంది. క్రికెట్ మ్యాచ్ రోజుల్లో మా పక్క పీజీలో టీవీ చూస్తున్న కుర్రాళ్ల కేక ముందు వినిపించి, నా ఫోనులో సిక్సర్ ఆ తర్వాత కనిపిస్తుంది. ఆ తేడా ఎవరినీ బాధపెట్టదు.

కాల్‌కు ఆ నిల్వ లేదు. ఇంకా చేయని సైగను ముందుగా దాచుకోలేం కదా. ఒకవైపు ప్రయాణం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ చాలా కాలం కిందటే చెప్పింది. సినిమా, సైగల కాల్, రెండూ మీ పట్టికలో ‘వీడియో’ అనే ఒకే గడిలో పడితే, రెండింటికీ ఒకే కత్తెర పడుతుంది.

ఆ గడిలో ఎందుకు పడతాయో కూడా నాకు తెలుసు. ఇప్పుడు దాదాపు అంతా గుప్తీకరించిన ట్రాఫిక్కే. 2021లో ప్రమాణమైన క్విక్ వంటి ప్రోటోకాళ్లలో (సమాచారం పంపే పద్ధతుల్లో) లోపలి వివరాలు ఆపరేటర్‌కు కనిపించవు. కనిపించేవి ప్యాకెట్ల (సమాచారపు చిన్న పొట్లాల) పరిమాణం, వాటి మధ్య విరామం, రాకపోకల లయ మాత్రమే. ఆ లయను బట్టి ఇది వీడియో, ఇది పాట, ఇది ఫైలు అని ఊహించే పనిని మోడల్‌కు అప్పగించారు. అందులో మీ ప్రతిభ నిజంగా గొప్పది. 2017లో కొందరు పరిశోధకులు గుప్తీకరించిన ట్రాఫిక్‌లో వచ్చే ఉప్పెనలను మాత్రమే చూసి, చూస్తున్నది ఏ వీడియోనో కూడా న్యూరల్ నెట్‌వర్క్‌తో గుర్తుపట్టగలమని చూపించారు. ఆ పత్రం చదివిన రోజు నాకు భయమేసింది. కాబట్టి ముందే చెబుతున్నాను. మా వేళ్లను గుర్తుపట్టే మోడల్ తయారు చేయమని నేను అడగడం లేదు. మా ఇంటి మాటలు సైగల్లో నడుస్తున్నాయని ఏ ఆపరేటర్‌కూ తెలియాల్సిన పని లేదు.

నేను అడిగేది మరొకటి. అది చెప్పడానికి మా తాతగారి గురించి చెప్పాలి.

ఆయన మా ఊరి చెరువుకు నీరుగంటి. తూము ఎత్తడం, దించడం, ఏ కాలువకు ఎన్ని గడియలు నీరు వదలాలో చూడడం ఆయన పని. కోతలప్పుడు ప్రతి కళ్లం నుంచి ఆయనకు ఇంత గింజ అని ముట్టేది. ఈ బెంగళూరు కూడా ఒకప్పుడు చెరువుల ఊరే. ఇక్కడి కెరెలకూ నీరుగంటులు ఉండేవారు. నీరు తక్కువైన ఏడాది తాత ఏం చేసేవారో అమ్మ చెబుతుండేది. నీళ్లు నిలిచి ఉన్న వరిమడిని రెండు రోజులు ఆపేవారు. నారుమడిని మాత్రం ఆపేవారు కాదు. నారుమడికి కావలసింది పిడికెడు నీరు. కానీ ఆ పిడికెడు తప్పితే పంట మొదటికే పోతుంది. ఆయన రోజుకోసారి చివరి ఆయకట్టు దాకా గట్టు మీద నడిచి వెళ్లి చూసి వచ్చేవారట. తూము దగ్గర నిలబడితే అన్ని కాలువలూ పారుతున్నట్టే కనిపిస్తాయి.

ఈ చిన్న లెక్కే మీ మోడళ్లలో నాకు కనిపించడం లేదు. బఫర్ నిండిన సినిమా నీళ్లు నిలిచిన మడి. సైగల కాల్ నారుమడి. దానికి ఎక్కువ నీరు కూడా అక్కర్లేదు. సైగల భాషలో వీడియో సంభాషణకు ఏమేం కావాలో టెలికమ్యూనికేషన్ యూనియన్ 1999లోనే ఒక పత్రంలో రాసిపెట్టింది. సెకనుకు 20 ఫ్రేములు, అంటే వరుస బొమ్మలు, అందితే సైగలు బాగా అర్థమవుతాయి. 12కు పడిపోతే ఏదో కొంతవరకే పనికొస్తుంది. బొమ్మ మాత్రం 352 × 288 చుక్కల చిన్నదైనా చాలు. మా తమ్ముడి చొక్కా గళ్లు నాకు స్పష్టంగా కనిపించకపోయినా ఫర్వాలేదు. వాడి చేయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, కనుబొమ్మలు పైకి లేచాయో లేదో కనిపిస్తే చాలు. సెకనుకు ఎనిమిది ఫ్రేముల్లో అందంగా కనిపించే నిలువెత్తు బొమ్మ మాకు ఎందుకూ పనికిరాదు.

మోడల్ ఏది మంచిదనుకోవాలో దానికి మనమే చెబుతాం. 2017లో ఎంఐటీ పరిశోధకులు తెచ్చిన పెన్సీవ్ మీలో చాలామందికి కంఠతా వచ్చి ఉంటుంది. వీడియో స్థాయిని ఎంచుకోవడం యంత్రమే నేర్చుకునేలా చేసిన పని అది. అందులో యంత్రానికి ఇచ్చే బహుమతి సూత్రం చిన్నదే. నాణ్యత పెరిగితే మార్కులు, వీడియో ఆగితే కోత, స్థాయి అటూ ఇటూ ఊగితే మరికొంత కోత. సినిమా చూసేవారికి అది తెలివైన సూత్రం. అందులో ‘వాక్యం చివరి సైగ చేరిందా’ అనే పదం లేదు. ఉండాల్సిన అవసరమూ వారికి రాలేదు. కానీ అదే రకం సూత్రాన్ని నెట్‌వర్క్ మొత్తానికి కొలబద్దగా తెచ్చుకుంటే, లెక్కలో లేనివారి నుంచే యంత్రం ముందుగా నీరు తీసుకుంటుంది. దానికి కోపమూ లేదు, పక్షపాతమూ లేదు. మనం రాయని పదానికి అది విలువ ఇవ్వదు, అంతే.

2020లో స్టాన్‌ఫర్డ్ బృందం ప్రచురించిన పఫర్ ఫలితాలను కూడా గుర్తు చేస్తాను. వారు నిజమైన ప్రేక్షకులకు టీవీ కార్యక్రమాలు ప్రసారం చేస్తూ, రకరకాల పద్ధతులను వారి మధ్యనే పోల్చి చూశారు. బఫర్ ఎంత నిండిందో మాత్రమే చూసే పాత సాదా పద్ధతి అనుకున్నదానికన్నా బాగా నిలబడింది. కృత్రిమ వాతావరణంలో శిక్షణ పొందిన మోడల్ అసలు ఇంటర్నెట్‌లో దాన్ని మించలేకపోయింది. ఎక్కడ వాడతారో అక్కడి అసలు ట్రాఫిక్‌తోనే నేర్పినప్పుడు యంత్రం మెరుగైంది. పరీక్షకురాలిగా నాకు ఇందులో వినిపించేది ఒక్కటే ప్రశ్న. మీ శిక్షణ సమాచారంలో మదనపల్లె పక్క పల్లెలో రాత్రి తొమ్మిదిన్నరకు ఒక టవర్ అంచున నడిచే సైగల కాల్ ఒక్కటైనా ఉందా? నేను చూసిన పరీక్షా ప్రణాళికల్లో ఒక్కసారి కూడా లేదు. వాటిలో కొన్ని నేనే రాశాను.

ఇంకో మాట, మనలో మనం అనుకునేదే. మన కొలతలు ఎక్కువగా డౌన్‌లింక్ (టవర్ నుంచి ఫోనుకు వచ్చే దారి) చుట్టే తిరుగుతాయి. జనం చూసేది ఎక్కువ, పంపేది తక్కువ కాబట్టి టవర్ సామర్థ్యంలోనూ పెద్ద వాటా అటే వెళుతుంది. సైగల కాల్‌లో రెండు వైపులా సమానంగా మాట్లాడతారు. మా తమ్ముడి మాట అప్‌లింక్ (ఫోను నుంచి టవర్‌కు వెళ్లే దారి) మీదే ఎక్కి రావాలి. నా ఫోనులో గీతలు నిండుగా ఉండి, వేగ పరీక్షలో అంకెలు పచ్చగా మెరుస్తున్నా, అటు నుంచి వాడి వాక్యం సగమే రావడానికి ఇదొక కారణం.

సరే, ఏం చేయవచ్చు?

మీ వర్గీకరణలో తప్పుల ఖరీదును ఒకేలా లెక్కించకండి. సినిమాను కాల్ అని పొరబడితే కాసేపు కొంచెం బ్యాండ్‌విడ్త్ ఎక్కువ ఖర్చవుతుంది. కాల్‌ను సినిమా అని పొరబడితే ఒక మనిషి మాట పోతుంది. రెండింటికీ ఒకే జరిమానా వేసి, మొత్తం మీద ఖచ్చితత్వం 97 శాతం దాటిందని పండగ చేసుకునే పద్ధతిని దయచేసి వదలండి. రెండు వైపులా దాదాపు సమానంగా, ఆగకుండా, చిన్న చిన్న ప్యాకెట్లుగా పారే ధార మీద మోడల్‌కు సందేహం ఉంటే దాన్ని కోయకండి. బఫర్ ఉన్నవాటిని ముందు ఆపండి. అవి ఓర్చుకోగలవు. దీనికి కొత్త పరిశోధన అవసరం లేదు. నష్టపు పట్టికలో రెండు అంకెలు మార్చితే మొదలవుతుంది.

సగటు చూపించే పట్టిక పక్కనే, అందరికన్నా అధ్వాన్నంగా ఉన్న ఒక శాతం కాల్స్‌లో ఏం జరుగుతోందో చూపించే పట్టిక కూడా పెట్టండి. తాతగారు గట్టు మీద నడిచి వెళ్లింది అందుకే. ఒక ప్రాంతంలో కాల్స్‌లో బొమ్మ పదేపదే ఆగిపోతోందని అక్కడ కనిపిస్తే, సగటు ఎంత మెరుగైనా ఆ మార్పును వెనక్కి తీసుకోండి.

మీలో కాల్ యాప్‌లు రాసేవారు కూడా ఉన్నారు. దారి ఇరుకైనప్పుడు ఫ్రేముల వేగాన్ని కాపాడాలా, బొమ్మ స్పష్టతను కాపాడాలా, రెండింటినీ తూచాలా అని ఎంచుకునే వీలు, బ్రౌజర్లలో, యాప్‌లలో వీడియో కాల్స్ నడిపే వెబ్‌ఆర్‌టీసీలో ఉండనే ఉంది. ఆ ఎంపికను మనిషి చేతికి ఇవ్వండి. సెట్టింగ్‌లలో ‘నేను సైగలతో మాట్లాడతాను’ అని ఒక్క వరుస పెట్టండి. అది నొక్కితే ఫ్రేములు నిలవాలి, బొమ్మ చిన్నదవ్వాలి, అవసరమైతే శబ్దం ముందు ఆగాలి. గుంపు కాల్స్‌లో ఎవరి గొంతు వినిపిస్తే వారి బొమ్మను పెద్దది చేసే అలవాటుకు కూడా అక్కడే విరామం ఇవ్వండి. మా తమ్ముడి బధిర మిత్రుల కాల్‌లో తెర మీద పెద్దగా కనిపించేది ఎవరో తెలుసా? ఎవరి ఇంట్లో కుక్క మొరుగుతోందో వారు. మాట్లాడుతున్నవాడు మూలన చిన్న గడిలో ఉండిపోతాడు. ఈ మాట చెబుతూ వాడు నవ్వుతాడు. నాకు నవ్వు రాదు.

చట్టం సంగతికి వస్తే, ఎవరికీ ప్రత్యేక వేగం ఇవ్వమని నేను అడగడం లేదు. 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ డేటా ధరల్లో వివక్షను నిషేధించినప్పుడు, 2018 జులైలో కేంద్రం నెట్ సమానత్వ సూత్రాలను (ఇంటర్నెట్‌లో ఏ సమాచారం మీదా వివక్ష చూపకూడదనేవి) ఆమోదించినప్పుడు సంతోషించినవారిలో నేనూ ఉన్నాను. ఆ సూత్రాలు సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణను అనుమతిస్తాయి. అది అవసరానికి తగినంతే, తాత్కాలికంగా, పారదర్శకంగా ఉండాలంటాయి. నేను పట్టుకున్నది ఆ చివరి మాటను. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు మన దేశంలోని ప్రధాన స్ట్రీమింగ్ సంస్థలు మొబైల్ నెట్‌వర్కుల మీద వీడియోను 480కి తగ్గిస్తామని, ఏప్రిల్ 14 వరకు అలాగే ఉంటుందని ప్రకటించాయి. ఎంత తగ్గుతుందో, ఎందుకో, ఎప్పటివరకో అందరికీ తెలిసింది. జనం సర్దుకున్నారు. మోడల్ తెల్లవారుజామున ఒక టవర్‌కు, రాత్రి మరో టవర్‌కు తనంతట తాను తీసుకునే నిర్ణయాలకు అలాంటి ప్రకటన లేదు. ఫోను మూలన చిన్న గుర్తు చాలు, ‘ఇప్పుడు రద్దీ వల్ల వీడియో తగ్గించాం’ అని. ఆ రాత్రి ఆ గుర్తు కనిపించి ఉంటే, ‘మళ్లీ చెప్పు’ అని నేను తమ్ముణ్ని అడిగి ఉండేదాన్ని.

వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 42వ సెక్షన్ సమాచార సాంకేతికత అందరికీ అందుబాటులో ఉండాలంటుంది. అదే చట్టం ‘సంభాషణ’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో సైగల భాష కూడా ఉంది. మీ సంస్థల న్యాయ విభాగాలకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. మీ టెస్ట్ బెంచ్ దాకా అది వచ్చిందా అన్నదే నా అనుమానం.

ఉగాదికి తమ్ముడు బెంగళూరు వస్తున్నాడు. వారం రోజులు నా దగ్గరే ఉంటాడు. మీలో ఎవరైనా పిలిస్తే, వాణ్ని వెంటబెట్టుకుని మీ పరీక్ష గదికి వస్తాను. దుబాసీగా నేనుంటాను. మీరు దారిని ఇరుకు చేస్తూ పోండి. అటు గదిలో వాడు ఇరవై వాక్యాలు చెబుతాడు. సగం అవును, సగం కాదు. ఇటు నేను చూసి రాస్తాను. ఎన్నింటిలో ‘లేదు’ పోయిందో మీ మోడల్ పక్కన ఒక అంకెగా రాసుకోండి. వాడు ఒప్పుకున్నాడు. మధ్యాహ్నం లోపు అయిపోతుందా, చిక్కపేటలో దారం కొనాలి అని మాత్రం అడిగాడు.

ఇట్లు,
నెట్‌వర్క్ పరీక్షకురాలు, ఒక బధిరుడి అక్క